నేను తాగేసిన మూడు ఓట్లు

ముందే ఒప్పుకుంటున్నాను. ఒక ఎన్నికలో మూడు ఓట్లు నేను తాగేశాను. వేడి టీలో వేసి, చెంచాతో తిప్పి, నిలబడే తాగాను. తియ్యగానే ఉన్నాయి.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం పెద్దవాళ్లు తమ అనుభవాలు చెప్పాలని ఇక్కడి తెలుగు సంఘం వాళ్లు అడిగారు. మిగతావాళ్లు సాఫ్ట్‌వేర్ గురించి, ఆసుపత్రుల గురించి, ప్రమోషన్ల గురించి చెప్తారు. నేను పదకొండేళ్లు వంటగదిలో పనిచేశాను. నా చదువు సంతకం వరకే. బస్సు నంబరు గుర్తుపడతాను, మందుసీసా మీద నా పేరు గుర్తుపడతాను, అక్కడితో సరి. నేను చెప్తుంటే వేరేవాళ్లు రాస్తున్నారు. మధ్యలో నా తిట్లు తీసేస్తే ఊరుకోనని ముందే చెప్పాను. ఎవరి పేర్లూ మాత్రం చెప్పను. ఈ కథలో ఉన్నవాళ్లు చాలామంది ఇంకా బతికే ఉన్నారు, వాళ్ల పిల్లల్లో లాయర్లు ఎక్కువ.

అమెరికాలో షాంటిలీ అనే ఊళ్లో ముసలివాళ్లను పగటిపూట చూసుకునే సెంటర్ అది. పొద్దున్నే వ్యాన్లు వెళ్లి ఇళ్ల దగ్గర ఎక్కించుకొస్తాయి, సాయంత్రం మళ్లీ దింపేస్తాయి. మధ్యలో టిఫిన్, బీపీ చూడటం, కుర్చీలో కూర్చునే చేసే వ్యాయామం, భోజనం, టీ. మా ఆయన ఇక్కడే ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వంటవాడు. ఆయన పోయాక, ఆయన పక్కన నిలబడి నేర్చుకున్న పనే నాకు ఆధారమైంది. ఆ సెంటర్ వంటగదిలో హెల్పర్‌గా చేరాను.

హాల్లో భాషకో టేబుల్. కొరియా వాళ్లది కిటికీ పక్కన, గుజరాతీలది టీవీ ఎదురుగా, ఇరాన్ వాళ్లది వంటగది తలుపు దగ్గర. ఇరాన్ టేబుల్ నాకు అప్పజెప్పారు. నాది నల్గొండ వైపు, పెరిగింది హైదరాబాద్ పాతబస్తీలో. మా గల్లీలో మాట్లాడే ఉర్దూలో సగం మాటలు వాళ్ల ఫార్సీ నుంచి వచ్చినవేనట. దర్వాజా అంటే వాళ్లకీ దర్వాజానే, చాయ్ అంటే చాయే. మిగతా సగం చేతులతో, నా వంకర ఇంగ్లీషుతో గడిచిపోయేది. వాళ్లు నన్ను ఖానుమ్ అని పిలిచేవారు. మనం అమ్మగారూ అన్నట్టు. అంతకుముందు నన్ను ఎవరూ అమ్మగారూ అనలేదు. అందుకే మొదటి వారంలోనే నాకు తలకెక్కింది.

ఆ టేబుల్‌కి పదిహేడు మంది. వాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది, అది అర్థం కావడానికి నాకు నెల పట్టింది. ఏదైనా పెడితే వద్దంటారు. రెండోసారి పెట్టినా వద్దంటారు. మూడోసారి పెడితే తింటారు. మన మొహమాటం లాంటిదే, కాకపోతే లెక్క ప్రకారం నడుస్తుంది. నాకంటే ముందు పనిచేసిన ఆవిడ మొదటి వద్దుకే గిన్నె ఎత్తుకుపోయేదట. పాపం, పెద్దవాళ్లు ఎన్ని రోజులు ఆకలితో ఇంటికెళ్లారో.

టేబుల్ మధ్యలో సమావార్ ఉండేది. ఇత్తడి బిందెకి కుళాయి బిగించి, నెత్తిన టీ కెటిల్ కూర్చోబెట్టినట్టు ఉంటుంది. కింద నీళ్లు మరుగుతుంటాయి, పైన డికాక్షన్ దిగుతుంటుంది. సెంటర్‌లో బొగ్గులు ఒప్పుకోరు కాబట్టి మాది కరెంటుది. వాళ్లు చక్కెర టీలో కలుపుకోరు. ఒక చక్కెర బిళ్ల పళ్ల మధ్య పెట్టుకుని, దాని మీదుగా టీ పీలుస్తారు. ఆ సమావార్ పెత్తనమంతా నాదే. ఎవరికి ముందు, ఎవరికి చిక్కగా, ఎవరికి రెండో గ్లాసు అన్నీ నేనే చూసేదాన్ని. నేను కుళాయి తిప్పితే పదిహేడు తలలూ నా చేతి వైపు తిరిగేవి. జీతం సంగతి అటుంచండి, అది రాజ్యం.

ప్రతి టేబుల్‌కీ ఒక పెద్ద ఉండాలని మేనేజర్ రూలు పెట్టాడు. ఆర్నెల్లకోసారి ఎన్నుకోవాలి. వంటలో ఏం కావాలి, టీవీలో ఏ ఛానల్ పెట్టాలి అన్నీ ఆ పెద్దే చెప్పాలి. ఇరాన్ టేబుల్ మొదటిసారి ప్రొఫెసర్ గారిని పెద్దగా పెట్టుకుంది. ఎనభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎవరొచ్చినా లేచి నిలబడే మర్యాద. ఆయన పెద్ద అయిన మొదటి రోజు నా దగ్గరికి వచ్చి, గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగారు.

"ఖానుమ్, మీ చేతి టీకి మేమంతా కృతజ్ఞులం. కానీ ఈ సమావార్ మాది. ఇవాళ్టి నుంచి మా టీ మేమే పోసుకుంటాం. మీరు మాతో కూర్చుని తాగండి."

ఎంత మర్యాదగా చెప్పారో చూడండి. నాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది.

పిల్లలూ, పనిలో పడ్డాక మీ చేతికీ ఒక సమావార్ వస్తుంది. అది మీది కాదని ఎవరైనా మర్యాదగా చెప్పిన రోజున జాగ్రత్తగా ఉండండి. ఒంట్లో ఇంగ్లండూ అమెరికా రెండూ ఒకేసారి లేచి కూర్చుంటాయి.

ఇంగ్లండూ అమెరికా అని ఎందుకన్నానంటే, ప్రొఫెసర్ గారు టీ తాగుతూ మళ్లీ మళ్లీ చెప్పే కథ అదే. వాళ్ల దేశంలో చమురుంది. తోడుకునేది మాత్రం ఇంగ్లండు కంపెనీ. ఒక ప్రధానమంత్రి వచ్చి, చమురు మాది, మేమే తోడుకుంటాం అన్నాడు. ఇంగ్లండుకి మండింది. ముందు ఆ చమురు ఎవరూ కొనకుండా అడ్డుపడింది. తర్వాత అమెరికాను కలుపుకుని, పత్రికల్లో రాయించి, వీధుల్లోకి కూలి జనాన్ని దింపి, ఆ ప్రధానిని పడగొట్టారు. పెత్తనమంతా రాజుగారి చేతిలో పెట్టారు. అప్పుడు ప్రొఫెసర్ గారికి పదేళ్లు. మేడ మీద నుంచి చూశారట. వాళ్ల నాన్న రేడియో మీద చెయ్యి పెట్టి నిలబడి ఏడ్చాడట.

ఆ కథ విన్నప్పుడల్లా నాకూ ఏడుపొచ్చేది. "పరాయి ఇంట్లో వేలు పెట్టినోళ్ల చేతులు పడిపోను!" అని మెటికలు విరిచేదాన్ని. కొంగుతో కళ్లు తుడుచుకుని, వంటగది వైపు పోతూ పోతూ సమావార్ ప్లగ్ కొంచెం వదులు చేసేదాన్ని.

అవును, చేశాను. ఇంకా చాలా చేశాను. మంచి టీ ఆకు డబ్బా పై అలమరలో దాచి, దుమ్ములాంటి టీ సంచులు బయట పెట్టాను. యాలకులు అడిగితే అయిపోయాయన్నాను, కొరియా టేబుల్ వాళ్ల బిస్కెట్లలో మాత్రం వేశాను. చక్కెర బిళ్లలు వాళ్ల టీ చల్లారాక పట్టుకెళ్లేదాన్ని. రెండు నెలలు తిరక్కుండానే టేబుల్ మీద గొణుగుడు మొదలైంది. ప్రొఫెసర్ గారి హయాంలో టీ పాడైపోయిందని వాళ్లే అనుకోసాగారు. నేను తలుపు చాటున నిలబడి, అయ్యో పాపం అన్నట్టు తలాడించేదాన్ని.

ఆ టేబుల్‌లో ప్రొఫెసర్ గారికి ఎదురు నిలిచే మనిషి కల్నల్ గారు ఒక్కరే. రాజుగారి సైన్యంలో పనిచేసినాయన. నిటారు నడుము, రంగేసిన మీసం. రాజుగారి కాలంలో ప్రొఫెసర్ గారిని జైల్లో పెట్టారు. రాజుగారు పోయి మతపెద్దల ప్రభుత్వం వచ్చాక కల్నల్ గారిని తరిమేశారు, ఆ తర్వాత ప్రొఫెసర్ గారినీ తరిమేశారు. ఇద్దరూ వచ్చి పడింది మా టేబుల్ దగ్గరే. ఒకాయన ఉప్పు అడిగితే ఇంకొకాయన మిరియాలు జరిపేవారు.

ఒక రోజు కల్నల్ గారికి మాత్రం కుంకుమపువ్వు పాయసం ఒక గిన్నె ఎక్కువ పెట్టి, నెమ్మదిగా అడిగాను.

"సాబ్, మీరు పెద్ద అయితే సమావార్ ఎవరి చేతిలో ఉంటది?"

ఆయన మీసం తుడుచుకుని అన్నారు. "ఖానుమ్, సైనికుడు టీ పోయడు. పోయించుకుంటాడు."

నా అభ్యర్థి దొరికాడు.

మేనేజర్‌కి కూడా ప్రొఫెసర్ గారంటే తలనొప్పే. అమెరికన్ మనిషి, మంచివాడే, కానీ గొడవ లేకుండా రోజు గడిస్తే చాలనుకునే రకం. ప్రొఫెసర్ గారు ప్రతి చిన్నదానికీ మీటింగు పెట్టి, తీర్మానం రాసి, కాపీ ఆయన బల్ల మీద పెట్టేవారు. ఎన్నిక ముందురోజు మేనేజర్ వంటగదిలోకి వచ్చి, "ఆ కల్నల్ గెలిస్తే మనందరికీ ప్రశాంతం. నాకు డీటెయిల్స్ ఏమీ చెప్పొద్దు" అని కన్ను కొట్టి పోయాడు. చెప్పొద్దన్న డీటెయిల్స్ ఏమిటో నాకు అప్పటికి తెలియదు. ఆయనే దారి చూపించినట్టయింది.

ఓట్లు ఎలా వేశారో చెప్పాలి. కొందరికి చూపు ఆనదు, కొందరికి చేతులు వణుకుతాయి, కాగితం మీద రాయలేరు. అందుకని వంటగదిలో తెర కట్టి, రెండు డబ్బాలు పెట్టారు. నీలం డబ్బా ప్రొఫెసర్ గారిది, ఎర్రది కల్నల్ గారిది. ఒక్కొక్కరికీ ఒక చక్కెర బిళ్ల ఇస్తారు. తెర వెనక్కి వెళ్లి, నచ్చిన డబ్బాలో వేసి రావాలి. డబ్బాలకి కాపలా ఎవరు? ఇంకెవరు, నేనే. నాకు ఏ పక్షమూ లేదని అందరూ ఒప్పుకున్నారు.

అందరూ వేసి వెళ్లాక మూతలు తీసి చూశాను. నీలం డబ్బాలో తొమ్మిది, ఎర్రదాంట్లో ఎనిమిది. అంత చేసినా, చల్లటి టీ తాగించినా, ఒక్క ఓటుతో ప్రొఫెసర్ గారే గెలిచారు. నా చేతిలో టీ గ్లాసుంది. ఆలోచించలేదు. నీలం డబ్బాలోంచి మూడు బిళ్లలు తీసి టీలో వేశాను.

లెక్క పెట్టినప్పుడు ఆరు, ఎనిమిది వచ్చాయి. మొత్తం పదిహేడు ఉండాలి కదా, మిగతావేవి అని ఎవరో అడిగారు. ఆ టేబుల్‌లో మతిమరుపు పెద్దాయన ఒకరున్నారు, చక్కెర కనపడితే నోట్లో వేసుకునే అలవాటు. తెర వెనక డబ్బాలో చెయ్యి పెట్టాడేమో అని అందరూ ఆయన వైపు చూశారు. ఆయన తడుముకుని, "తిన్నానేమో" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ప్రొఫెసర్ గారు లేచి, కల్నల్ గారికి చెయ్యి కలిపి, వెళ్లి టేబుల్ చివర కూర్చున్నారు.

మా సెంటర్ నర్సు తెలుగమ్మాయే, గుంటూరు. సాయంత్రం పని అయ్యాక నా వేలు గుచ్చి షుగర్ చూసేది. ఆ రోజు మెషిన్ చూసి కళ్లు పెద్దవి చేసింది.

"ఏం తిన్నారు ఆంటీ?"

"ఏం తినలే బిడ్డా."

"మరి ఈ నంబరేంటి? మెషిన్ అబద్ధం చెప్తోందా?"

"చాయ్ తాగిన."

"ఎన్ని స్పూన్లు?"

"స్పూన్లు గాదు. ఓట్లు."

పకపకా నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది. "ఎవరి ఓట్లు ఆంటీ?"

"ప్రొఫెసర్‌వి. మూడు."

"అమ్మ బాబోయ్! మా వైపు బ్యాలెట్ బాక్సులు ఎత్తుకుపోయారని విన్నాను గానీ, ఓట్లు తాగినవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను."

"ఎవ్వరికి చెప్పకు బిడ్డా."

"నేను చెప్పను. మీ రక్తమే చెప్పేస్తోందిగా!"

కల్నల్ గారి పాలన మొదలైంది. మొదటి రోజే గోడకి రాజుగారి ఫోటో. రెండో రోజు ఎవరు ఎక్కడ కూర్చోవాలో పట్టిక. మనిషికి రెండే గ్లాసులు. టీవీలో వార్తలు బంద్, తోటల ప్రోగ్రాం మాత్రమే. సమావార్ నా చేతికి తిరిగొచ్చింది, నిజమే. కానీ ఆయన చిటికె వేస్తే పోయాలి, చిటికె వేస్తే ఆపాలి. ఒకసారి ఒంగి పోస్తుంటే, నిటారుగా నిలబడి పొయ్యమన్నారు. నా రాజ్యం నాకు వచ్చింది అనుకున్నాను గానీ, నేనే ఆయన రాజ్యంలో పడ్డాను. మేనేజర్ మాత్రం హాయిగా ఉన్నాడు.

ప్రొఫెసర్ గారికి గుమ్మం పక్కన చలిగాలి కొట్టే కుర్చీ ఇచ్చారు. రెండు వారాలు కూర్చున్నారు. తర్వాత రావడం మానేశారు.

అదే వేసవిలో వాళ్ల దేశం మీద బాంబులు పడ్డాయి. వార్తలు బంద్ అయినా అందరి జేబుల్లో ఫోన్లున్నాయి కదా. ఎవరికీ అటువైపు ఫోన్లు కలవడం లేదు. ఒకరు, పోనీ ఇలాగైనా ఆ ప్రభుత్వం పోతుందేమో అన్నారు. ఇంకొకరు, ఎవడి బాంబైనా పడేది మా ఇంటి కప్పు మీదే కదా అని ఏడ్చారు. కల్నల్ గారు ఇద్దరినీ మాట్లాడొద్దన్నారు. కాసేపటికి నేను చెత్తసంచి పారేయడానికి వెనక్కి వెళ్తే, ఆయన నడవలో గోడకి ఆనుకుని ఫోన్ కొడుతున్నారు. తెహ్రాన్‌లో వాళ్లక్క ఉంది. ఎత్తడం లేదు. నన్ను చూసి ఫోన్ జేబులో పెట్టుకుని నిటారుగా నిలబడ్డారు.

ఆ వారమే ప్రొఫెసర్ గారి కూతురు నర్సుకి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి మందుల షాపులో పనిచేస్తుంది, పొద్దున వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. నాన్న రోజంతా ఒక్కరే టీవీ ముందు కూర్చుంటున్నారట. పెట్టి వెళ్లిన అన్నం పెట్టినట్టే ఉంటోందట. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకి కొత్త చిల్లు పొడిచిందట. సెంటర్‌కి వెళ్లు నాన్నా అంటే, "నా మనుషులే నన్ను వద్దన్నారు, ఇంక ఎక్కడికి వెళ్లను" అంటున్నారట.

నర్సు ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది.

"ఆయన మనుషులు వద్దనలేదు కదా ఆంటీ."

నేను గిన్నె తోముతూనే ఉన్నాను.

"ఇలాగే వదిలేస్తే ఆ మనిషి మిగలరు. తాగింది మీరు. కక్కాల్సింది కూడా మీరే."

శనివారం తన కార్‌లో ప్రొఫెసర్ గారి ఇంటికి తీసుకెళ్లింది. లోపలికి మాత్రం రానంది. "నేను పార్కింగ్‌లో ఉంటాను. మెడ పట్టి గెంటితే ఎక్కించుకుంటాను" అంది. ఎంత ధైర్యం చెప్పిందో చూడండి.

తలుపు ఆయనే తీశారు. ఇంట్లో కూడా ఇస్త్రీ చొక్కానే. లోపల ఆయన మాత్రం సగమయ్యారు. టీవీలో పొగ, సౌండ్ లేదు. నన్ను కూర్చోబెట్టి, పళ్లెంలో పిస్తా, పళ్లు, కీరదోసకాయలు తెచ్చి పెట్టారు. వాళ్లు పళ్లతో పాటు కీరదోసకాయ కూడా పెడతారు. నాకోసం ఒకటి చెక్కు తీయడం మొదలుపెట్టారు.

"ప్రొఫెసర్ సాబ్, మీరు ఓడిపోలే. నేను ఓడగొట్టిన."

"ఎంత మాట ఖానుమ్. మీ చేతిలో ఓడినా అది గౌరవమే. కీరదోసకాయ తీసుకోండి."

"మీ డబ్బాలకెల్లి మూడు బిళ్లలు తీసి, చాయ్‌ల ఏసుకుని తాగిన."

"టీ తియ్యగా అయింది కదా, అంతే చాలు. పిస్తా తీసుకోండి."

నవ్వుతూనే ఉన్నారు. రెండుసార్లు అయింది. నాకు వాళ్ల లెక్క తెలుసు. మూడోసారి గుండె గట్టి చేసుకున్నాను.

"సాబ్, సమావార్ గుంజుకున్నరని కడుపు మండి చేసిన. ప్లగ్గు వదులు చేసింది నేనే. మంచి చాయ్‌పత్తి దాచింది నేనే. మీ నాయన ఏడ్చిండని మీరు చెప్తుంటే నేను గూడ ఏడ్చిన. ఏడ్సుకుంట లోపలికి పోయి గదే పని చేసిన."

చాకు పళ్లెంలో పెట్టారు. నవ్వు పోయింది. మొహం ఎర్రబడింది.

"సమావార్ కోసమా?" అని అరిచారు. "ఒక్క టీ కుళాయి కోసమా?"

తర్వాత ఫార్సీలో తిట్టారు. నిలబడి తిట్టారు, గదిలో అటూ ఇటూ తిరుగుతూ తిట్టారు. నాకు పాతబస్తీ పుణ్యమా అని కొన్ని తిట్లు అర్థమయ్యాయి కూడా. తల వంచుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ప్రాణం కొంచెం తేలికపడింది. పక్కింటివాళ్లు గోడ కొట్టాక ఆయన ఆగి, కుర్చీలో కూలబడ్డారు.

"మా దేశంలో చేసిన పనిని ఈ అమెరికా వాళ్లు ఒప్పుకున్నారు, తెలుసా? ఎన్నో ఏళ్ల తర్వాత, కాగితాల మీద. అప్పటికి మా నాన్న లేడు. నేను ఈ దేశంలో నలభై ఏళ్ల నుంచి ఉన్నాను. వీళ్ల పిల్లలకి పాఠాలు చెప్పాను. ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు నా తలుపు కొట్టి, అది మేమే చేశాం అనలేదు. చివరికి వచ్చింది ఎవరు? మీరు!"

"నేను చిన్న దేశాన్ని సాబ్" అన్నాను.

ఆయన భుజాలు ఊగాయి. ఏడుస్తున్నారేమో అని భయపడ్డాను. నవ్వుతున్నారు. నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నా కోసం చెక్కు తీసిన కీరదోసకాయ చూసుకోకుండా ఆయనే తినేశారు. నేను ఇంకోటి జరిపాను. అదీ తిన్నారు.

"సోమవారం వస్తాను. కానీ ఇదంతా మీరు టేబుల్ దగ్గర అందరి ముందూ చెప్పాలి."

"నౌకరీ పోతది సాబ్."

"పోవచ్చు" అన్నారు, ఎంతో మర్యాదగా.

ఆదివారమంతా లెక్కలు వేసుకున్నాను. యాభై తొమ్మిదేళ్లకి నన్ను ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? అయినా ఆ కొత్త చిల్లు పొడిచిన బెల్టు కళ్ల ముందు నుంచి పోలేదు.

సోమవారం టీ వేళకి టేబుల్ ముందు నిలబడ్డాను. నర్సుని పంపి మేనేజర్‌ని కూడా పిలిపించాను. నా మాటల్ని ఫార్సీలోకి మార్చింది ఆ టేబుల్‌లోని పార్లరమ్మ. తెహ్రాన్‌లో బ్యూటీ పార్లర్ నడిపినావిడ. రాజుగారి మనుషుల భార్యలకీ, ఆయన శత్రువుల భార్యలకీ జుట్టు కత్తిరించింది ఆవిడే. అందుకే రాజకీయం మాట్లాడేది కాదు, అందరి రహస్యాలూ తెలుసు కాబట్టి. నేను ఒక వాక్యం చెప్తే ఆవిడ మూడు చెప్పింది. మధ్యలో ఒకళ్లిద్దరు నన్ను చూసి చేతులు జాడించారు. ఏం కలిపి చెప్పిందో ఇప్పటికీ తెలియదు. మతిమరుపు పెద్దాయన మాత్రం, "అయితే నేను తినలేదన్నమాట!" అని ఒకటే సంతోషం.

మేనేజర్ మొహం కందగడ్డలా అయింది. ఆయన కన్ను కొట్టిన సంగతి నేను చెప్పలేదు. చెప్పనని ఆయనకి అర్థమయ్యేలా ఒకసారి కన్ను కొట్టాను. పని పోలేదు. ఒక వార్నింగ్ లెటర్ ఇచ్చాడు. చదవడం రాదు కాబట్టి ఇంతవరకూ దానికి భయపడలేదు.

కల్నల్ గారు నెమ్మదిగా లేచారు.

"మూడా?"

"మూడు సాబ్."

"అంటే నేను గెలవలేదు."

"లేదు సాబ్."

నన్ను కొడతారనుకున్నాను. ఆయన గోడ దగ్గరికి వెళ్లి, రాజుగారి ఫోటో దింపి, రుమాలుతో అద్దం తుడిచి, సంచిలో పెట్టుకున్నారు.

"జనం రాజుగారినీ మమ్మల్నీ కోరుకున్నారనే అనుకుంటూ బతికాను" అన్నారు. "నాకెవరూ చెప్పలేదు."

గుమ్మం పక్క కుర్చీలోంచి ప్రొఫెసర్ గారు లేచి వచ్చి, ఆయన ముందు నిలబడ్డారు. ఇప్పుడు దెప్పుతారు, వడ్డీతో సహా దెప్పుతారు అనుకున్నాను.

"మీ అక్కగారు ఫోన్ ఎత్తారా?"

"లేదు."

"మా తమ్ముడి కొడుకు నిన్న దొరికాడు. వాళ్ల వీధేదో చెప్పండి, వెళ్లి చూసి రమ్మంటాను."

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఒకాయన వీధి పేరు చెప్తున్నారు, ఒకాయన రాసుకుంటున్నారు. రెండు రోజులకి అక్క దొరికింది. చుట్టాలింటికి ఊరు దాటి వెళ్లిందట. ఫోన్లో మొదటి మాటే తమ్ముణ్ణి తిట్టిందట, ఇన్నాళ్లూ ఏమైపోయావని.

వారం తిరిగాక మళ్లీ ఎన్నిక పెట్టారు. కల్నల్ గారు నిలబడనన్నారు. ప్రొఫెసర్ గారి మీద పార్లరమ్మ నిలబడింది. ఈసారి డబ్బాలకి కాపలా కొరియా టేబుల్ నుంచి ఇద్దరు. నన్ను హాల్లోనే ఉండనివ్వలేదు. గాజు తలుపు బయట, చెప్పుల స్టాండు పక్కన నిలబెట్టారు. లెక్క అందరి ముందూ, బిళ్ల తర్వాత బిళ్ల, గట్టిగా పెట్టారు. పదిహేడుకి పదిహేడు వచ్చాయి.

ప్రొఫెసర్ గారు తలుపు తోసుకుని నా దగ్గరికి వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"ముబారక్ సాబ్! గెలిచిన్రా?"

"ఓడిపోయాను. ఎనిమిది, తొమ్మిది. ఒక్క ఓటు."

"ఒక్కటేనా! ఎవరిదా ఒక్కటి?"

"నాదే" అన్నారు. "నా ఓటు నాకే వేసుకోవడం మర్యాద కాదు కదా, ఆవిడకి వేశాను. ఆవిడ మాత్రం ఏ మొహమాటం లేకుండా ఆవిడకే వేసుకుంది." చెయ్యి గుండె మీద పెట్టుకుని నిటారుగా నిలబడ్డారు. "ఖానుమ్, నా జీవితంలో మొదటిసారి నన్ను నేనే ఓడించుకున్నాను. పరాయివాళ్లు ఎవరూ లేరు. ఎంత బాగుందో మీకు తెలియదు."

మర్నాడు పొద్దున వ్యాన్‌లోంచి అందరికంటే ముందు దిగింది ఆయనే. చేతిలో కాగితం. కొత్త పెద్ద మీద పదకొండు ఫిర్యాదులట, ఒక్క రాత్రిలో రాశారట. నాకు చదవడం రాదని తెలుసు కాబట్టి వంటగది గుమ్మంలో నిలబడి ఒక్కొక్కటీ గట్టిగా చదివి వినిపించారు. నేను రొట్టెలు కాలుస్తూ విన్నాను. మధ్యలో రెండు రొట్టెలు ఇచ్చాను, చదువుతూనే తిన్నారు.

తొమ్మిదో ఫిర్యాదు నా మీద. ఓట్లు లెక్కపెడుతున్నప్పుడు ఒక పరాయి దేశపు వంటావిడ గాజు తలుపుకి ముక్కు ఆనించి లోపలికి తొంగి చూసిందనీ, దీనిపై విచారణ జరపాలనీ.

చూశాను మరి. ఎవరు గెలుస్తారో తెలుసుకోవాలి కదా.